ఈనిన మేకకు తొలి మూడు వారాల సంరక్షణ

సన్నకారు రైతులకు, భూమి లేని కుటుంబాలకు మేక అవసరానికి చేతికందే సొమ్ము. ఈత సమయంలో ఇంటిల్లిపాది దృష్టి పిల్లలపైనే నిలుస్తుంది. తల్లి లేచి పిల్లను నాకితే దాని కష్టం తీరినట్లే భావించి, మరునాడే మందతో పాటు మేతకు తోలడం మన గ్రామాలలో తరచుగా కనిపిస్తుంది. నిజానికి తల్లి శరీరంపై భారం ఈతతో తగ్గదు, పెరుగుతుంది. పాల దిగుబడి ఈనిన నాటి నుండి హెచ్చుతూ 4 నుండి 8 వారాల మధ్య గరిష్ఠ స్థాయికి చేరుతుంది. మేత తినే శక్తి అంత వేగంగా పెరగదు. ఈ రెండింటి మధ్య ఏర్పడే లోటును తల్లి తన కొవ్వును, కండను కరిగించి పూడ్చుకుంటుంది. కవలలను ఈనిన మేకలో ఈ లోటు మరింత ఎక్కువ. కనుక తొలి మూడు వారాల సంరక్షణలో ప్రధానమైనది మేత. అయితే అంతకుముందు ఈనిన రోజున జరిగే కొన్ని పొరపాట్లను ప్రస్తావించవలసి ఉంది.

ఈనిన రోజు

ఈనిన వెంటనే మేకకు తీవ్రమైన దాహం కలుగుతుంది. గోరువెచ్చని నీటిలో కొద్దిగా బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి తాగినంత ఇవ్వాలి. బాలింతకు నీరు తగ్గించే పాత పథ్యాన్ని కొందరు మేకకు కూడా వర్తింపజేస్తారు. మేకపాలలో సుమారు 87 శాతం నీరే. తాగే నీరు తగ్గితే పాలు తగ్గక తప్పదు.

మాయ సాధారణంగా నాలుగైదు గంటలలో పడిపోతుంది. అది పడేవరకు పిల్లను పొదుగు దగ్గరకు పోనివ్వని ఆచారం పలుచోట్ల ఉన్నది. దీనివలన రెండు విధాల నష్టం కలుగుతుంది. పిల్ల చీకినప్పుడు తల్లిలో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై, గర్భసంచి ముడుచుకొని, మాయ పడటానికి తోడ్పడుతుంది. మాయ కోసం పాలు ఆపినవారు ఆ సహజ మార్గాన్నే అడ్డుకున్నవారవుతారు. మరోవైపు, ముర్రుపాలలోని రోగనిరోధక పదార్థాలను గ్రహించే శక్తి పిల్ల ప్రేగులలో గంటగంటకూ క్షీణించి, ఒక రోజులో దాదాపు నశిస్తుంది. అందువలన పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి, ప్రతి చన్ను నుండి ఒకటి రెండు ధారలు పిండి, రంధ్రంలో మైనంలా పేరుకొన్నది తొలగించి, గంటలోపే పిల్లను చీకనివ్వాలి. 2 కిలోల పిల్లకు తొలి రోజున కనీసం 200 మిల్లీలీటర్ల ముర్రుపాలు విడతలుగా అందాలి.

12 గంటలు గడిచినా మాయ పడకపోతే పశువైద్యుని సంప్రదించాలి. వేలాడే మాయకు బరువు కట్టడం, చేతితో లాగడం ఎంతమాత్రం తగదు. లోపల తెగి మిగిలిన ముక్కలు కుళ్ళి గర్భసంచి చీముపడుతుంది. పడిన మాయను ఒట్టి చేతులతో తాకరాదు, కుక్కలకు వేయరాదు. బ్రూసెల్లోసిస్ ఉన్న మేక మాయ నుండి ఆ వ్యాధి మనుషులకు సోకుతుంది. మాయపై సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.

గమనించవలసిన లక్షణాలు

రెండు మూడు వారాల వరకు ఎరుపు, గోధుమ రంగు మైల కొద్దికొద్దిగా పడటం సహజమే. దానికి దుర్వాసన ఉండి, జ్వరం 104 డిగ్రీల ఫారన్‌హీట్ మించి, మేక మేత మానితే గర్భసంచి వాపుగా అనుమానించాలి. పిల్లను తన్నివేసే మేకకు మమకారం లేదని నిందించే ముందు పొదుగును తడిమి చూడాలి. ఒక వైపు గట్టిపడి, వేడిగా ఉండి, పాలలో తరకలు కనిపిస్తే అది పొదుగువాపు. నొప్పి వలననే అది తన్నుతుంది. ఈత దినాలలో రోగనిరోధక శక్తి తగ్గి కడుపులోని నట్టలు విజృంభిస్తాయి. కనురెప్ప లోపలి పొర పాలిపోయి ఉంటే నట్టల మందు గురించి వైద్యుని అడగాలి.

మేత

30 కిలోల బరువున్న పాలిచ్చే మేకకు రోజుకు శరీర బరువులో సుమారు 4 శాతం, అనగా 1.2 కిలోల ఎండు పదార్థం అవసరం. పచ్చిమేతలో ఎండు పదార్థం నాలుగవ వంతుకు మించదు. పచ్చిమేత ఒక్కదానితోనే ఈ అవసరం తీరాలంటే మేక దాదాపు 5 కిలోలు తినాలి. కొత్తగా ఈనిన మేక అంత తినలేదు. అందుచేత 2 కిలోల పచ్చిమేత, 400 గ్రాముల వేరుశనగ కట్టె లేదా కంది పొట్టు, 350 గ్రాముల దాణా కలిపి ఇవ్వడం మేలు. పచ్చిమేతలో సగమైనా అవిశ, దశరథ గడ్డి వంటి పప్పుజాతి మేత ఉండాలి. దాణాను తొలి రోజున 100 గ్రాములతో ప్రారంభించి పది రోజులలో పూర్తి మోతాదుకు తేవాలి. ప్రేమతో ఒకేసారి గింజలు పెడితే పొట్టలో ఆమ్లం పెరిగి మేక ప్రాణానికే ముప్పు. 10 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపాలి.

మేక చూడికాలం సుమారు 150 రోజులు. జూన్, జులైలలో కట్టినవి నవంబరు, డిసెంబరులలో ఈనుతాయి. అప్పుడు ఖరీఫ్ పంటల కట్టె, పొట్టు అందుబాటులోకి వస్తాయి. సెప్టెంబరు, అక్టోబరులలో కట్టినవి ఫిబ్రవరి, మార్చిలలో ఈనుతాయి. ఎండిన బీళ్ళలో మేకకు దక్కేది స్వల్పం, నడక మాత్రం ఎక్కువ. ఈ ఈతకు మేత ఏర్పాటు ముందటి తొలకరిలోనే జరగాలి. గట్లపై నాటిన అవిశ, సుబాబుల్ మొక్కలు వేసవి ఆరంభంలో కూడా ఆకు ఇస్తాయి. సస్య శాస్త్రజ్ఞునిగా నా అభిప్రాయంలో, ప్రతి ఏటా దాణా బస్తాలు కొనడం కంటే గట్టు మీది చెట్టు చవకైనది, నమ్మదగినది.

సుబాబుల్‌లోని మైమోసిన్ హాని చేస్తుందని కొందరు రైతులు సందేహిస్తారు. ఈ సందేహం నిరాధారం కాదు. ఎక్కువగా తిన్న పశువులకు వెంట్రుకలు రాలుతాయి. అయితే ఆ విషపదార్థాన్ని విచ్ఛిన్నం చేసే బ్యాక్టీరియా హవాయి మేకల పొట్టలో ఉన్నట్లు ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ పరిశోధనల వలన వెల్లడైంది. ఆ సూక్ష్మజీవికి ఆయన పేరు మీదనే సినర్జిస్టిస్ జోనెసీ అని నామకరణం చేశారు. మన రైతులు సుబాబుల్‌ను మొత్తం మేతలో మూడవ వంతుకు మించకుండా, కొద్దికొద్దిగా అలవాటు చేస్తే భయపడనక్కరలేదు.

తొలి వారం తల్లిని పిల్లలతో పాటు గాలి, వెలుతురు ఉన్న పొడి పాకలోనే ఉంచాలి. రెండవ వారం నుండి ఇంటికి సమీపంలోనే రెండు మూడు గంటలు మేపి, మూడు వారాల తరువాత మందలో కలపాలి. గర్భసంచి పూర్వస్థితికి రావడానికి సుమారు నెల రోజులు పడుతుంది. ఎదకు వచ్చినా రెండు నెలలు నిండేవరకు పోతును కట్టనివ్వరాదు.