పార్కిన్సన్స్‌కు గంజాయి మందా?

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం బళ్లారి బ్రూస్‌పేటలోనూ, సరిహద్దు దాటితే అనంతపురంలోనూ ఒక్కటే. లైసెన్సు నియమాలు మాత్రం సెక్షన్ 10 కింద ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. ఈ చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ తలలు. తలలు లేని ఆకు, గింజ అందులోకి రావు. వైద్య, శాస్త్రీయ అవసరాలకు సెక్షన్ 8 మినహాయింపునిచ్చింది కాబట్టి, పరిశోధనను చట్టం పూర్తిగా మూసేసిందన్న వాదన నిలవదు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో, మాదకద్రవ్యాలపై 1961 ఒప్పందపు నాలుగో షెడ్యూలు నుంచి గంజాయిని తొలగించే ఓటింగు 27–25తో నెగ్గింది. భారత్ అనుకూలంగా ఓటేసింది.

అయినా అనుమతి ఉన్నంత మాత్రాన మందు పనిచేస్తుందని కాదు. పార్కిన్సన్స్‌లో డోపమైన్ తయారుచేసే మెదడు కణాలు నశిస్తాయి. లెవోడోపా ఆ లోటు తీరుస్తుంది గానీ, ఏళ్ల తరబడి వాడితే ఒళ్లు అదుపు తప్పి మెలికలు తిరగవచ్చు. నోటితో తీసుకునే గంజాయి సారం ఆ మెలికలను బహుశా తగ్గించదని అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2014 సమీక్ష తేల్చింది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాల బిగుతుకు మాత్రం రోగులు చెప్పిన మేలును ఒప్పుకుంది. వాడినవాళ్లు ఉపశమనం ఉందంటున్నారు కదా అని అడగవచ్చు. ఆ మాటను కొట్టిపారేయకూడదు. కానీ నిద్ర పట్టినంత మాత్రాన వణుకు తగ్గినట్టు కాదు, పైగా వృద్ధులకు తల తిరిగి పడిపోయే ప్రమాదముంది. అమెరికా 2018లో ఆమోదించిన గంజాయి ఆధారిత మందు ఎపిడియోలెక్స్ సైతం అరుదైన మూర్ఛలకే.