‘పనిచేయట్లేదు’ దగ్గరే ఆగిపోకండి

కొత్త కంప్యూటర్‌లో లైనక్స్ వేశారు. అన్నీ బాగున్నాయి, నెట్ మాత్రం రాలేదు. గుడ్లవల్లేరు హాస్టల్లోనైనా, బందరు ఇంట్లోనైనా చాలామంది పిల్లలు ఇక్కడే చేతులెత్తేస్తారు. ‘ఇది మనకు సరిపడదు’ అని తీర్పు చెప్పేస్తారు. అంత తొందర వద్దు. అడ్డంకి ఎక్కడుందో కచ్చితంగా కనిపెట్టే అలవాటు ఈ చిన్న చిక్కుతోనే మొదలవ్వాలి.

దివిసీమ శివారు రైతును చూడండి. బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలినా తన చేలోకి రాకపోతే, కాల్వగట్టు పట్టుకుని ఎగువకు నడుస్తాడు. ఏ తూము మూసి ఉందో, ఎక్కడ గుర్రపుడెక్క పేరుకుందో చూస్తాడు. మీరూ అలాగే ఎగువకు నడవండి.

1. గుర్తింపు సంఖ్య పట్టుకోండి

టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్’ కొట్టండి. ‘10ఈసీ:8125’ అని కనిపించిందనుకోండి. మొదటి భాగం తయారీ సంస్థ రియల్‌టెక్‌ది, రెండోది ఆ 2.5 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డుది. కార్డులను నడిపే ప్రతి డ్రైవర్‌లోనూ తనకు తెలిసిన సంఖ్యల పట్టిక ఉంటుంది. అందులో మీ సంఖ్య లేకపోతే ఆ డ్రైవర్ మీ కార్డు జోలికి రాదు.

2. తేదీలు పోల్చండి

ఉబుంటు లైనక్స్ 18.04 వచ్చింది 2018 ఏప్రిల్‌లో, దాని మూలభాగమైన 4.15 కెర్నెల్‌తో. ఈ సంఖ్యకు మద్దతు చేరింది 2019 నవంబరులో విడుదలైన 5.4 కెర్నెల్‌లో. అప్పటి 18.04తో నెట్ రాకపోవడంలో వింతేముంది? 5.4తో వచ్చిన 20.04 వేస్తే అదే కార్డును గుర్తించే అవకాశం ఎక్కువ. తేదీలు చూసుంటే కార్డును తిట్టుకునే పనే ఉండదు.

3. ఈలోగా పని ఆపకండి

ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. సాధారణంగా నెట్ వచ్చేస్తుంది. దాంతోనే కొత్త కెర్నెల్, ఫర్మ్‌వేర్ దించుకోవచ్చు.

4. అడిగే పద్ధతి నేర్చుకోండి

‘నెట్ రావట్లేదన్నా, ఏం చేయాలి?’ అంటే ఎంత తెలిసినవారైనా ఏం చెబుతారు? కార్డు సంఖ్య, కెర్నెల్ వెర్షన్, ‘డీమెసేజ్’ (dmesg) ఆదేశం చూపిన తప్పుల వరుసలు ముందు పెట్టండి. డ్రైవర్ రాసేవారి దగ్గర మీ కార్డు ఉండకపోవచ్చు. మీరిచ్చే వివరాలే వారికి ఆధారం.

5. ఇంకో అడుగు వేయండి

కాలేజీ ల్యాబులకు కావలసిన పరికరాలు మనమే చేసుకోవాలని 1926లోనే బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పెట్టారు. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఆ గడ్డ మీద పుట్టిన మనం వాడుకోవడంతోనే సరిపెట్టుకోవాలా? కొన్నిసార్లు పాత డ్రైవర్ పట్టికలో కొత్త సంఖ్య ఒక్కటి చేరిస్తే చాలు, కార్డు నడుస్తుంది. పరీక్షించి పంపిన ఆ ఒక్క వరుసను కెర్నెల్ నిర్వాహకులు ఆమోదిస్తే, కెర్నెల్ చరిత్రలో మీ పేరుతోనే నమోదవుతుంది.

ఉద్యోగంలోనైనా, చదువులోనైనా ఇదే సూత్రం. ఇబ్బందిని ఆనవాళ్లతో సహా చెప్పగలిగిన మనిషికి సాయం త్వరగా అందుతుంది. ఈ రోజే మీ కార్డు సంఖ్య చూసి నోటుబుక్కులో రాసుకోండి.