మంచు కురిస్తే మన హక్కులు

మన విద్యార్థులు చాలామంది జనవరి చదువులకు అమెరికా వెళుతూ ఐరోపాలో విమానం మారుతుంటారు. మంచు కురిసి ఆలస్యమైతే రెండో విమానం అందదు. చేతిలో డబ్బు తక్కువ. కాలేజీలో చేరే గడువు దగ్గర. "వాతావరణం బాగోలేదు, మేమేం చేస్తాం?" అనగానే మనవాళ్లు ఊరుకుంటారు. ఊరుకోనక్కరలేదని నా అభిప్రాయం.

యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన 261వ నిబంధన, అక్కడినుంచి బయలుదేరే ఏ విమానానికైనా, దూరాన్నిబట్టి 250, 400, 600 యూరోల పరిహారం నిర్ణయించింది. గమ్యం చేరడం మూడు గంటలు ఆలస్యమైనా ఇది వర్తిస్తుందని ఐరోపా న్యాయస్థానం 2009లో తీర్పు చెప్పింది. మంచు తుపానైతే ఈ సొమ్ము రాదు, నిజమే. కానీ భోజనం, రాత్రి బస ఇవ్వక తప్పదు. 2010లో ఐస్‌లాండు అగ్నిపర్వతపు బూడిద విమానాలను ఆపేసినప్పటి కేసులోనూ, 2013లో కోర్టు ఇదే మాట అన్నది. ఇక మామూలు యంత్రలోపం సాకుగా చెల్లదని 2008లోనే తేల్చింది.

ముఖ్యమైన సంగతి మరొకటి. రెండు ప్రయాణాలూ ఒకే బుకింగులో ఉంటేనే వాటిని ఒక్కటిగా లెక్కిస్తారు. చౌక అని విడివిడిగా కొంటే ఆ లంకె తెగిపోతుంది. కనుక మిత్రులారా, టిక్కెట్టు ఒకటిగా కొనండి. ఆలస్యానికి కారణం కాగితంమీద రాయించుకోండి. అడగనివాడికి హక్కు ఉన్నా లేనట్టే!