గోడ చూడక కొనకుము, తల్లీ

చి॥ల॥సౌ॥ చిట్టితల్లికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

కూనూరులో తోటతో గూడిన పాతకాలపు బంగళా యొకటి చూచితివనియు, అది నీ మనస్సునకు మిక్కిలి నచ్చినదనియు, కోయంబత్తూరు ఆస్పత్రి పనినుండి రెండుదినములు తప్పించుకొనినప్పుడెల్ల అచ్చట విశ్రమింపవచ్చునని అల్లుడుగారును ముచ్చటపడుచున్నారనియు నీవు వ్రాసిన ఉత్తరమును మీ అమ్మ నాకు పంపినది. అంతవఱకు సంతోషమే. కాని మొన్న పెండ్లిలో కలిసిన బంధువు లొకరు, నీవప్పుడే బయానా కూడ ఇచ్చివేసితివని చెప్పిరి. నిజమేనా? నిజమైనచో ఎంత ఇచ్చితివి, కాగితము వ్రాయించుకొంటివా, బేరము చెడినయెడల అది తిరిగి వచ్చునా, ఈ మూడును వెంటనే తెలుపుము. నిజము కానియెడల ఈ ఉత్తరము కడదాక చదువువఱకు ఒక్క రూపాయియైనను ఇయ్యకుము.

అమ్మువారు అచ్చు వేయించిన వివరణపత్రమును రెండుమాఱులు చదివితిని. నూఱేండ్ల యిల్లు, నిరుడు సమూలముగా బాగుచేయించిరి, తోట పెరిగి స్థిరపడినది, కిటికీలోనుండి లోయ కనబడును, చలిమంట గూడు పనిచేయును: అన్నియు బాగుగనే యున్నవి. లోయ ఎటు పోవును? చలిమంటగూడు పనిచేయకున్న నొక కంబళి కొనుకొందువు. నా దృష్టి నిరుడు బాగుచేయించిరి అన్నచోటనే ఆగినది. దేనితో బాగుచేయించిరమ్మా? ఆ సంగతి కాగితములో నెక్కడను లేదు.

సలివన్ దొర 1822 ప్రాంతమున ఉదకమండలములో రాతియిల్లు కట్టనారంభించిన తరువాత ఆ కొండలమీద వెలసిన పాత బంగళాలు చాలవఱకు సున్నముతోనో మట్టి అడుసుతోనో పేర్చిన గోడలు గలవి. వాని కాలమున మన దేశమున సిమెంటు వాడుక యింకను వ్యాపింపలేదు. అట్టి గోడ నేలలోని చెమ్మను పీల్చును, పీల్చిన దానిని సున్నపుపూతగుండ మెల్లగా గాలిలోనికి విడిచిపెట్టును. ఈ రాకపోకలు సాగినంతకాలము దానికి ఏ జబ్బును రాదు. దానిమీద సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ రంగు వేసినవాడు చెమటపట్టిన ఒంటికి మైనపుగుడ్డ చుట్టినవానితో సమానుడు. చెమ్మ లోపలనే నిలిచిపోయి, దారి దొరకక పైపైకి ఎగబ్రాకి, గోడలో దిగిన టేకుదూలముల కొనలను పుచ్చజేయును. పైకి మాత్రము గోడ తెల్లగా, నున్నగా, ఛాయాచిత్రమునకు తగినట్లుండును. రెండు మూడు వానాకాలములు గడచిన పిదప కదా చౌడెత్తి, పూత ఉబ్బి పెళ్ళలుగా రాలునది! అప్పటికి అమ్మినవాడు ఎక్కడనుండునో.

ఈ సిమెంటు సంగతి ఎత్తిన నేను ఊరకుండలేనని మీ అత్తయ్య నవ్వుచున్నది. నవ్వనిమ్ము. నేను దౌళేశ్వరములో సూపర్వైజరుగా చేరిన క్రొత్తలో, పాత క్వార్టర్ల మరమ్మతునకు వచ్చిన తాపీమేస్త్రి యొకడుండెడివాడు. ముసలివాడు, ముక్కుపొడుము వాడు, మధ్యాహ్నము గోంగూరపచ్చడి లేనిదే ముద్ద దిగనివాడు. అతని పని చూచుటకే నేను ముందుగా పోయెడివాడను. ఎద్దు గుండ్రముగా తిరుగుచుండ రాతిచక్రము గానుగకందకములో దొర్లి సున్నమును, ఇసుకను, ఇటుకపొడిని కలిపి నలుపుచుండును. అతడు పంచె ఎగజెక్కి కూర్చుండి, చిటికెడు తీసి వ్రేళ్లనడుమ రుద్ది, ఒక్క ఇసుకరేణువు గరగరలాడినను తల యడ్డముగా నూపి యెద్దును మఱల తోలుమనును. కరక్కాయ నానిన నీరు, బెల్లపునీరు, అవి ఎప్పుడెంత పోయవలెనో అతని చేతికి తెలియునే కాని నోట చెప్పలేడు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన ఆనకట్టయు అట్టి సున్నముతోనే గదా గోదావరి వఱదల కోర్చి నిలిచినది! ఆ మేస్త్రి కూతురి పెండ్లికి మీ తాతయ్యయు నేనును పడవమీద లంకకు పోతిమి. తిరిగి వచ్చునప్పుడు గాలి యెదురై నడిరేయి దాటినది, మీ అమ్మమ్మ దీపము పట్టుకొని రేవులో నిలిచియుండెను. ఏదో చెప్పబోయి ఎక్కడికో పోతిని.

సున్నమనగా నీకు మాత్రము తక్కువ ప్రీతియా? నాలుగేండ్లదానవై మన అరుగు గోడను గోటితో గీకి గీకి తినెడిదానవు. చేతికి వేపాకు రసము పూసినను మానలేదు. అక్కడి గుంట ఇప్పటికిని ఉన్నది. వెల్ల వేయించునప్పుడెల్ల దానిని పూడ్చవద్దని నేనే చెప్పుచుందును.

సరే, నీవు పంపిన ఛాయాచిత్రములను భూతద్దము పెట్టి చూచితిని. తోట నిజముగా అందమైనదే, కాదనను. బాటకు ఇరుప్రక్కల హైడ్రాంజియా గుత్తులు నీలముగా విరగబూసియున్నవి. కాని పడమటి గోడ మొదటనున్న నాలుగైదు పొదలు మాత్రము గులాబిరంగున పూచినవి, గమనించితివా? నీలగిరి మట్టి స్వభావముచేతనే పులుపుగుణము గలది. అట్టి మట్టిలో అల్యూమినియము మొక్క కందును, పువ్వు నీలమగును. సున్నము కలిసిన మట్టిలో అది అందదు, పువ్వు గులాబి యగును. కనుక ఆ గోడ పాతపూతను చెక్కివేసి, ఆ పెళ్ళలను అక్కడి పాదులలోనే పూడ్చిపెట్టిరని నా అనుమానము. అది వేఱు జాతి మొక్క కావచ్చును గదా యని మీ అత్తయ్య వాదము. కావచ్చును. అయినను పోయి ఒక గునపపు లోతు త్రవ్వించి చూడుము. తెల్లని ముక్కలు బయటపడినచో ఆ యింటి కథ యంతయు నీకు తెలిసినట్లే. త్రవ్వనీయనిచో మఱియు బాగుగా తెలిసినట్లు.

ఎండకాలమున పోయి చూచి మురిసిపోకుము. కూనూరునకు తూర్పుగాలి వానలు బలముగా పడును, కనుక నవంబరులో పొమ్ము. 2009 నవంబరులో ఆ జిల్లాలో కొండచరియలు విఱిగిపడి 40 మందికి పైగా మరణించిన సంగతి నీకు జ్ఞాపకముండవలె. ఇంటి వెనుకనున్న రాతికట్టకు నీరు వెలికి పోవు తూములున్నవా, ఉన్నచో బాగుచేయించినవారు వానిని కూడ సిమెంటుతో మూసిరా యనునది వానలోనే తెలియును. లోపల బీరువాను ప్రక్కకు జరిపించి దాని వెనుకటి గోడను ముక్కుతో చూడుము. క్రొత్తరంగు కంటిని మోసగించును కాని ముక్కును మోసగింపలేదు. వ్రేలి కణుపుతో నేలనుండి మోకాలెత్తు వఱకు తట్టి చూడుము, డొల్లగా మ్రోగినచోట సుద్దతో గీత గీయుము. అల్లుడుగారు సిగ్గుపడుదురేమో, పడనిమ్ము. గీతలు సగము గోడను మించినచో తిరిగి రమ్ము.

కాగితముల మాట చాలమంది చెప్పుదురు, నేను క్లుప్తముగా వ్రాసెదను. ముప్పదేండ్ల మూలదస్తావేజులు, ఇ.సి., పట్టా ఆ యూరి వకీలుచేత చూపించుము. కొండపట్టణముల కట్టడములకు నియమములు వేఱుగ నున్నవి. ఆ క్రొత్త అద్దాల వసారాకు అనుమతి తీసికొనిరా యని అడుగుము. వేసవిలో నీరెక్కడినుండి వచ్చునో అమ్మువానిని గాక ప్రక్కయింటివారిని అడుగుము. ఎగువ వాలున యూకలిప్టస్ చెట్లు కనబడుచున్నవి; వానిని ఆ కొండలకు 1843లో తెచ్చినవాడు కాటన్ అను కెప్టెను (మన దొర యని పొరబడెదవు, కాదు). ఆ చెట్లు నీటిని మిక్కిలి పీల్చును గనుక, నీటి ఊట వానికి దిగువనే యున్నచో వేసవిమాట మఱింత గట్టిగా విచారింపవలె.

ఇన్ని చెప్పి నిన్ను నిరుత్సాహపఱచితినేమో. నీవు చిన్ననాటినుండి ఏదియు అడుగనిదానవు. పరీక్షలకు చదువునప్పుడు కూడ దీపము చాలదని చెప్పక వీథిలాంతరు క్రింద కూర్చుంటివి. అట్టిదానవు ఒక యిల్లు కావలెనని నోరు తెఱచి యడిగినావనగా నాకు ఎంత ఆనందమో. గోడ బాగున్నచో తప్పక కొనుము, ధర కొంచె మెక్కువయైనను కొనుము. ఆ తోటమాలిని మాత్రము మానిపింపకుము. ఏ పొద ఎప్పుడు కత్తిరింపవలెనో, అడవిదున్నలు ఏ త్రోవను దిగి వచ్చునో వానికి తెలిసినంత నీకు తెలియుటకు పదేండ్లు పట్టును. ఇంటిధరలో వాని జీతమును కలిపి లెక్కవేయుము.

గోడ చెడియున్నను పూర్తిగా వదలనక్కఱలేదు. సిమెంటు పొరను చెక్కించి, ఒక వేసవి యంతయు ఆఱనిచ్చి, మఱల సున్నము పూయించుట సాధ్యమే. దాని ఖర్చును ధరలోనుండి తగ్గింపుమని నిలువుము. కరక్కాయ సున్నపుపని తెలిసిన మేస్త్రీలు చెట్టినాడు ప్రాంతమున ఇప్పటికిని కలరు, నీ ఆస్పత్రిలో అటువారెవరైన నున్నచో విచారింపుము.

నవంబరులో పోవునప్పుడు నన్నును పిలిచికొని పొమ్ము. మోకాళ్ళు మెట్లెక్కనీయవు కాని మేట్టుపాళయమునుండి పళ్ళపట్టాల రైలు ఉన్నదిగదా. 1899లో అది కూనూరు చేరినదట, నన్ను మాత్రము చేర్చలేకపోవునా? టిక్కెట్టు ఖర్చు నాది. మీ అత్తయ్య నీకు మాగాయ జాడీ కట్టియుంచినది, పెరుగన్నములోనికి తప్ప వాడవద్దని చెప్పుచున్నది. ఆ పడమటి గోడ ఛాయాచిత్రము, మొదలునుండి తీసినది, ముందుగా పంపుము.

ఇట్లు,
నీ మేనమామ