మిల్లు మోత, చెవిలో మూడు పొరలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల జిన్నింగు మిల్లుల్లో పత్తి నుంచి గింజ వేరుచేసే మోతకు చెవి అలవాటు పడుతుందంటారు. పడదు, కారణం కర్ణావర్తం నిర్మాణంలోనే ఉంది. నత్తగుల్లలా చుట్టుకున్న ఈ భాగంలో బేసిలార్ త్వచం పొడవు సుమారు 35 మి.మీ. మొదట్లో ఇరుకు, బిగువు. కొసన వెడల్పు, వదులు. అందుకే కీచు శబ్దానికి మొదలు, బొంగురు శబ్దానికి కొస ఎక్కువగా ఊగుతాయి. త్వచం మీద ఇలా మొదలు నుంచి కొసకు సాగే ప్రయాణ తరంగాన్ని చూపిన శాస్త్రవేత్త బెకెసీకి 1961లో నోబెల్. ఆ ఊపులో, పైనున్న టెక్టోరియల్ త్వచం ఒరిపిడికి బేసిలార్ త్వచం మీది రోమకణాల కొసలు వంగుతాయి, పొటాషియం అయాన్లు లోపలికి దూకుతాయి, నాడికి కబురు అందుతుంది. ఆ పొటాషియం నిండిన అంతర లసిక అనే ద్రవం పర లసిక అనే మరో ద్రవంతో కలవకుండా ఆపేది రైస్నర్ త్వచం.

రాత్రి విశ్రాంతితో వినికిడి తేరుకుంటుంది కదా అనొచ్చు. తేరుకునేది అలసిన కణమే; చచ్చిన రోమకణం మనిషిలో మళ్లీ మొలవదు. తొలి దెబ్బ 4000 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, మామూలు మాటల్లో ఎక్కువ భాగం అంతకు దిగువనే ఉంటుంది కాబట్టి నష్టం తెలియదు. దాన్నే అలవాటు అనుకుంటారు. శబ్దం వల్ల వచ్చే ఈ చెవుడు 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948 మూడో షెడ్యూలులో ఉండేది. దాన్ని అధికారులకు తెలియజేయాల్సిన బాధ్యతను ఆ చట్టం సెక్షన్ 89 పెట్టింది.