ట్రాక్టరు రేడియోలో గరగరా? సెట్టు మార్చే ముందు మూలం పట్టండి

ట్రాక్టరెక్కి దుక్కి మొదలుపెట్టారు. రేడియో పెడితే ఆకాశవాణి మాటలకు బదులు ఒకటే గరగర. ఇంజను ఆపగానే మాట శుభ్రంగా వినిపిస్తుంది. స్టార్టు చేస్తే మళ్లీ అదే గోల. 'సెట్టు పాడైంది' అనుకుని చాలామంది కొత్తది కొంటారు. తీరా బిగించాక అందులోనూ అదే గోల! ఎందుకంటే చాలాసార్లు జబ్బు రేడియోది కాదు, బండి కరెంటుది.

దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటూ పోయింది, సెల్‌ఫోన్లూ మూగబోయాయి. అలాంటప్పుడు బండి బ్యాటరీతో పనిచేసే రేడియోయే దిక్కు. పైగా ఈ గరగర ఒక్కోసారి వదులైన వైరుకో, పాడవుతున్న ఆల్టర్నేటర్‌కో ముందస్తు సూచన. దాన్ని పట్టించుకుంటే నడి సీజన్లో బండి మొరాయించకుండా కాపాడుకోవచ్చు.

గోల ఎక్కడ పుడుతుంది?

కరెంటు తెగుతూ అతుక్కుంటూ ఉన్నచోట సన్నటి నిప్పురవ్వ పుడుతుంది. ప్రతి రవ్వా ఒక చిన్న రేడియో స్టేషన్ లాంటిదే. మీడియం వేవ్‌లో మాట అల బలం హెచ్చుతగ్గుల మీద ప్రయాణిస్తుంది. రవ్వ కూడా ఆ బలాన్నే మారుస్తుంది కాబట్టి మాటతో కలిసిపోతుంది. ఎఫ్.ఎం.లో మాట అల వేగం మార్పుల్లో, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగిందన్న దాన్లో ఉంటుంది. అందుకే ఒకే బండిలో ఎఫ్.ఎం. బాగా వినిపించి, మీడియం వేవ్ గరగరలాడవచ్చు. అంతమాత్రాన సెట్టు చెడిందనుకోకండి.

చప్పుడును బట్టి జబ్బు

* ఇంజను రేజ్ చేస్తే పెరిగి, తగ్గిస్తే తగ్గే 'కుయ్‌' మనే కూత: ఇది ఆల్టర్నేటర్‌ది. పాత బండ్లలో డైనమో అయితే బొగ్గు బ్రష్షులు అరిగి చిటపటలాడుతుంది.
* ఇంజను వేగంతోపాటు పెరిగే 'టకటక': ఇది పెట్రోలు ఇంజను ప్లగ్గుది. డీజిల్ ట్రాక్టరుకు ప్లగ్గు నిప్పురవ్వ ఉండదు. కాబట్టి ట్రాక్టరులో ఇది వినిపిస్తే పక్కన పెట్రోలు స్ప్రేయరో, మోటారు సైకిలో నడుస్తోందేమో చూడండి.
* గతుకుల్లో మాత్రమే వచ్చే 'ఫట్‌ఫట్': ఎక్కడో వైరు వదులైంది, లేదా ఏరియల్ మొదలు తుప్పు పట్టింది.
* ఏదో ఒక స్విచ్చి వేస్తేనే వచ్చే గోల: వైపరు, ఎల్.ఇ.డి. లైటు, సెల్‌ఫోన్ ఛార్జరు. చౌకరకం ఛార్జర్లతో ఈ బెడద ఎక్కువ.
* ఇంజను ఆపినా ఆగని 'జుయ్' మనే మోత: దగ్గర్లోని కరెంటు లైనుది కావచ్చు. సుమారు సెకనుకోసారి 'టక్' మంటే సోలార్ కంచెను అనుమానించాలి.

మూడు పరీక్షలు

మొదటిది: ఇంజను ఆపి, తాళం చెవి ఆన్‌లో ఉంచి వినండి. అప్పుడూ గోల ఉంటే ఇంజను మీద నింద వేయనక్కర్లేదు. లైటు, ఛార్జరు ఒక్కొక్కటే తీసి చూడండి. అన్నీ తీసినా ఉంటే అది బయటి నుంచి వస్తోందన్నమాట. బండిని అరకిలోమీటరు దూరం తీసుకెళ్లి మళ్లీ వినండి.

రెండోది: ఇంజను నడుస్తుండగా సెట్టు వెనకున్న ఏరియల్ పిన్ను లాగండి. స్టేషన్ ఎలాగూ పోతుంది, గోల సంగతి చూడండి. గోల కూడా పోతే అది గాలిలోంచి ఏరియల్ ద్వారా వస్తోంది. అలాగే ఉంటే కరెంటు వైరు వెంట వస్తోంది. ఈ ఒక్క పరీక్షతో సగం పని అయిపోయినట్టే.

మూడోది: మల్టీమీటరుతో బ్యాటరీ చూడండి. 12 వోల్టుల బ్యాటరీ ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.4 నుంచి 12.7 వరకు, ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 వరకు చూపాలి. రేజ్ చేసినా 13 దాటకపోతే ఛార్జింగు సరిగా లేదు. కూతతోపాటు ఇదీ ఉంటే ఆల్టర్నేటర్ డయోడ్లు పోయాయేమో మెకానిక్‌కు చూపించాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడింది, బ్యాటరీ నీళ్లు మరిగిపోతాయి.

ఖర్చు లేని వైద్యం

ముందు ఎర్త్ చూడండి. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు, ఇంజనుకు వెళ్లే పట్టీ బోల్టులు విప్పి, కింద ఉన్న రంగు, తుప్పు గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దండి. గట్టిగా బిగించి పైన వాసెలిన్ పూయండి. బ్యాటరీ క్లాంపులకూ, ఏరియల్ మొదలుకూ ఇదే పని. చాలా బండ్లలో దీంతోనే గోల సగానికి పడిపోతుంది.

తర్వాత సెట్టుకు కరెంటు ఎక్కడి నుంచి తీశారో చూడండి. హెడ్‌లైటు వైరుకో, హారను వైరుకో తగిలించి ఉంటే తీసేయండి. బ్యాటరీ నుంచి నేరుగా వేరే వైరు లాగండి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టండి. సెట్టు మీద ఎంత రాసి ఉంటే అంతే ఫ్యూజు వేయాలి.

అప్పటికీ తగ్గకపోతే

గోల కరెంటు వైరు వెంట వస్తుంటే ఆటో ఎలక్ట్రికల్ షాపులో దొరికే ఫిల్టరు సెట్టు దగ్గర వైరులో కలపాలి. డైనమో చిటపటకు కండెన్సర్ వేస్తారు. అది కరెంటు బయటికొచ్చే టెర్మినల్‌కే కలపాలి. ఫీల్డ్ టెర్మినల్‌కు కలిపితే రెగ్యులేటర్ పాయింట్లు కాలిపోతాయి. పెట్రోలు బండికైతే రెసిస్టర్ రకం ప్లగ్గు వేస్తే టకటక తగ్గుతుంది.

లైను నుంచి వచ్చే మోతకు మీ చేతిలో మందు లేదు. స్తంభం నంబరు రాసుకుని లైన్‌మన్‌కు గానీ, 1912కు గానీ చెప్పండి. స్తంభాన్నీ, స్టే వైరునూ ముట్టుకోవద్దు.

మాట్లాడే వైర్‌లెస్ సెట్టుకైతే

తీర గ్రామాల్లో మరపడవలకు ఉండే వి.హెచ్.ఎఫ్. సెట్లకూ ఇదే పరీక్ష, ఇదే వైద్యం. కానీ అక్కడ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ సెట్లలో స్క్వెల్చ్ అనే బిరడా ఉంటుంది. గోల వినపడకుండా దాన్ని పెంచేస్తారు. చెవికి హాయిగానే ఉంటుంది, కానీ దూరం నుంచి వచ్చే బలహీనమైన మాట కూడా దాంతోపాటే ఆగిపోతుంది. ఆపదలో పిలిచే 16వ ఛానల్‌లో అదే జరిగితే? కాబట్టి గోలను కప్పిపెట్టడం కాదు, పుట్టినచోటే ఆపాలి. ఇంజను ఆపి ఒకసారి, నడిపి ఒకసారి దూరపు పడవతో మాట్లాడి చూడండి. ఇంజను నడుస్తున్నప్పుడే మాట అందకపోతే లోపం మీ పడవలోనే ఉందని లెక్క.

ఇవి మాత్రం చేయకండి

* ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీయకండి. ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోతాయి.
* వైర్ల పని మొదలుపెట్టే ముందు ఎర్త్ క్లాంపు ముందుగా తీయండి, చివరన బిగించండి. లేకపోతే పానా తగిలి నిప్పు లేస్తుంది.
* ఆల్టర్నేటరేనా కాదా తేల్చుకోవడానికి ఫ్యాన్ బెల్టు తీసి నడుపుతారు కొందరు. చాలా ట్రాక్టర్లలో నీళ్ల పంపు తిరిగేదీ ఆ బెల్టుతోనే. నిమిషం మించితే ఇంజను వేడెక్కిపోతుంది. బెల్టు తీయాలన్నా, వేయాలన్నా ఇంజను ఆపాకే.

కొత్త సెట్టు కొనే ముందు ఒక పూట ఈ వరసలో చూసుకోండి. గరుకు కాగితం, ఒక పానా చాలు. మూలం దొరికితే రేడియో పలుకుతుంది, బండీ బాగుపడుతుంది.