కణములోని నకలు - తలసీమియా వ్యాధి

పంచాయతీ కార్యాలయమున అసలు రిజిష్టరును ఎవరికిని ఇచ్చి పంపము. అడిగిన పుటకు నకలు వ్రాసి, సరిచూచి ఇత్తుము. మన శరీరములోని కణములందును ఇట్టి పద్ధతియే కలదు.

కణములోని కేంద్రకమున డి.ఎన్.ఎ. అను అసలు గ్రంథము భద్రముగా నుండును. ఏ మాంసకృత్తు కావలెనో, దానికి చెందిన జన్యువునకు కణము నకలు తీయును. దీనినే మెసెంజర్ ఆర్.ఎన్.ఎ. అందురు. శాస్త్రజ్ఞులు దీనిని 1961లో గుర్తించిరి.

నకలు తీసినంతనే పని ముగియదు. అందలి అక్కరలేని భాగములను కణము కత్తిరించి, మిగిలిన ముక్కలను వరుస తప్పక అతుకును. ఈ సంగతి 1977లో తెలియవచ్చినది. పని తీరిన నకళ్ళను, తప్పులు గల నకళ్ళను పెక్కింటిని కణమే నాశనము చేయును. ఏ మాంసకృత్తు ఎంత తయారు కావలెనో ఇట్లు అదుపులో నుండును.

ఈ అదుపు తప్పినచో ఏమగునో చూతము. రక్తములో ప్రాణవాయువును మోయు హెమోగ్లోబిన్‌నందు బీటా గ్లోబిన్ ఒక భాగము. దాని జన్యువులో ఒక్క అక్షరము మారినను కత్తిరింపు చోటు తప్పి, సరియైన నకళ్ళు మిక్కిలి తగ్గిపోవచ్చును. మన దేశమున బీటా తలసీమియా వ్యాధికి ఎక్కువగా కనబడు కారణము ఇట్టి అక్షరదోషమే.

తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే దోషము సంక్రమించినవారు సామాన్యముగా ఆరోగ్యముగనే యుందురు. తమయందు దోషమున్నదని వారికే తెలియదు. అట్టివారిరువురు వివాహమాడినచో, ప్రతి కాన్పునందును బిడ్డకు తీవ్రవ్యాధి కలుగుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. ఆ బిడ్డ రెండేండ్లలోపుననే పాలిపోవును, ఎదుగుదల కుంటుపడును. ఇనుపధాతువు మాత్రలతో ఇది కుదురదు. రెండు మొదలు నాలుగు వారములకొకసారి రక్తమెక్కింపవలెను. ఆ రక్తమువలన గుండెలో, కాలేయములో ఇనుము పేరుకొనును. దానిని తొలగించుటకు వేరే మందులు వాడవలెను.

దోషము గల కుటుంబములలో మేనరికము జరిగినచో ప్రమాదము హెచ్చు. కావున పెండ్లికి ముందుగాని, గర్భము ధరించిన తొలి వారములలోగాని హెచ్.బి.ఎ.2 రక్తపరీక్ష చేయించుకొనుడని సభ్యులు గ్రామస్థులకు తెలుపవలెను. బిడ్డకు జబ్బు చేసినదని తల్లిని నిందించుట అన్యాయము. దోషము ఇరువైపులనుండియు వచ్చినదే. ఇది అంటువ్యాధియును కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో తలసీమియాయును చేరియున్నది. వ్యాధిగల బిడ్డలకు ధ్రువపత్రము ఇప్పించుట, ఊర రక్తదాన శిబిరము జరిపించుట మన చేతిలోని పనులు. మనమిచ్చు ఒక సీసా రక్తము ఆ బిడ్డకు కొన్ని వారముల జీవితము.